ఆప్టోమెట్రీలో చేరే ముందు: మల్కాజ్‌గిరి విద్యార్థులు, తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలొచ్చి, నీట్ ర్యాంకు చూసుకున్నాక మల్కాజ్‌గిరి, ఆనంద్‌బాగ్, మౌలాలి, నేరేడ్‌మెట్ ఇళ్లలో ఒకటే చర్చ: ఎంబీబీఎస్ సీటు రాకపోతే పిల్లల్ని ఏం చదివించాలి? ఈమధ్య ఆ చర్చలో ఆప్టోమెట్రీ పేరు బాగా వినిపిస్తోంది. మంచి చదువే. కానీ ఒకే పేరు చెప్పి వేర్వేరు కాలవ్యవధులున్న, వేర్వేరు హోదాలిచ్చే కోర్సుల్లో చేర్చుకుంటున్నారు. ఆ తేడా ఫీజు కట్టాక తెలిస్తే నష్టపోయేది విద్యార్థే. కట్టకముందే ఏ కాగితం అడగాలి, ఏ నిబంధన మీకు అండగా ఉంది, చదువయ్యాక ఏ దారులున్నాయి అన్నవి ఈ ప్రశ్నోత్తరాల్లో చూడండి.

కోర్సు గురించి

ఆప్టోమెట్రిస్టు అంటే కంటి డాక్టరేనా?

కాదు. కంటి డాక్టరు ఎంబీబీఎస్ తర్వాత నేత్రవైద్యంలో పీజీ చేసినవారు. ఆపరేషన్లు చేయడం, మందులు రాయడం వారి పరిధి. ఆప్టోమెట్రిస్టు పని చూపును పరీక్షించడం. సైటు ఎంతుంది, చత్వారం ఎంతొచ్చింది, రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయా, పసివాళ్లలో మెల్లకన్ను ఉందా, ఎవరికి ఏ కాంటాక్ట్ లెన్సు సరిపోతుంది అన్నవి వీరు తేలుస్తారు. చూపు బాగా తగ్గినవారికి ఏ సాధనంతో చదువుకోవడం వీలవుతుందో చూస్తారు. స్లిట్‌ల్యాంపుతో కంటిని పరిశీలించి శుక్లాలు, నీటికాసులు, మధుమేహం వల్ల రెటీనాలో వచ్చే మార్పుల జాడ కనిపెట్టి వేళకు డాక్టరు దగ్గరికి పంపడం కూడా వీరి బాధ్యతే. కళ్లద్దాల షాపులో ఫ్రేములు చూపించి, అద్దాలు బిగించి ఇచ్చే ఆప్టీషియన్ పని మళ్లీ వేరు.

డాక్టరు కావాలన్న కోరికను మరో దారిలో తీర్చుకోవడానికి ఇందులో చేరితే నిరాశే మిగులుతుంది. చూపు శాస్త్రం మీద ఇష్టంతో, రోజంతా మనుషులతో ఓపిగ్గా మాట్లాడగలిగే స్వభావంతో చేరినవారు ఇందులో నిలబడతారు.

డిప్లొమా, డిగ్రీ రెండూ ఆప్టోమెట్రీయే అంటున్నారు. తేడా ఏమిటి?

తేడా పెద్దది. ఇప్పుడు దాన్ని చట్టమే స్పష్టం చేసింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021లో వచ్చింది. దాని కిందికి వచ్చే 10 వర్గాల వృత్తుల్లో నేత్ర విజ్ఞానం ఒకటి. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులుగా గుర్తింపు రావాలంటే 3 నుంచి 6 ఏళ్ల డిగ్రీ, అందులో కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలి. అనుబంధ ఆరోగ్య వృత్తికి 2 నుంచి 4 ఏళ్ల డిప్లొమా లేదా డిగ్రీ, కనీసం 2,000 గంటలు చాలు.

పారామెడికల్ బోర్డు పరిధిలోని రెండేళ్ల ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమాతో డాక్టరుకు, ఆప్టోమెట్రిస్టుకు సహాయకులుగా పనిచేయవచ్చు. త్వరగా సంపాదన మొదలవ్వాల్సిన ఇంటికి అది గౌరవమైన దారే. పూర్తిస్థాయి ఆప్టోమెట్రిస్టు కావాలంటే మాత్రం బ్యాచిలర్ ఆఫ్ ఆప్టోమెట్రీ చదవాలి. కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం ఇది మూడేళ్ల తరగతులు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగేళ్లు. మూడేళ్లకే ముగించేస్తామంటే ఇంటర్న్‌షిప్ ఎక్కడ పోయిందని నిలదీసి అడగండి. పీజీకి, విదేశీ అవకాశాలకు వెళ్లినప్పుడు ఆ ఏడాది లోటు అడ్డం పడుతుంది.

మా అమ్మాయి ఎంపీసీ చదివింది. చేరొచ్చా?

చాలా విశ్వవిద్యాలయాలు ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ చదివినవారిని తీసుకుంటాయి. ఆప్టిక్స్ ఈ చదువుకు వెన్నెముక కాబట్టి మ్యాథ్స్ నేపథ్యం కలిసొస్తుంది. అనాటమీ, ఫిజియాలజీల్లో మొదటి ఏడాది కాస్త ఎక్కువ కష్టపడాల్సి రావచ్చు. కొన్నిచోట్ల బైపీసీ వారికే మొదటి ప్రాధాన్యం. అందుకే మీరు దరఖాస్తు చేసే విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చిన నోటిఫికేషన్‌లో అర్హతల పేరా మీరే చదవండి. పోయినేడాది చేరిన పక్కింటి అబ్బాయికి వర్తించిన నిబంధన ఈ ఏడాది మారి ఉండవచ్చు.

దూరం వెళ్లకుండా జంటనగరాల్లోనే చదువుకోవచ్చా?

చదువుకోవచ్చు. నిజానికి ఈ విద్యకు దేశంలోనే పాత చిరునామాల్లో మన ఊరొకటి. రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1958లో, కేంద్రం ఆప్టోమెట్రీ డిప్లొమా మొదలుపెట్టిన రెండు చోట్లలో ఒకటి అలీగఢ్ గాంధీ కంటి ఆసుపత్రి, రెండోది హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రి. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో ఇప్పుడు బ్రియెన్ హోల్డెన్ పేరుతో ప్రత్యేక ఆప్టోమెట్రీ విద్యాసంస్థ నడుస్తోంది. ఆ సంస్థతో కలిసి హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్ కోర్సు తెచ్చింది. రాష్ట్రంలో అనుబంధ ఆరోగ్య డిగ్రీల ప్రవేశాలకు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటనలు చూస్తూ ఉండాలి. వీటితో పాటు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, కంటి ఆసుపత్రుల అనుబంధ కళాశాలలు ఉన్నాయి.

దగ్గరనో, బస్సు సౌకర్యం ఉందనో కాలేజీ ఎంచుకోకండి. రోజూ రోగులు వచ్చే ఆసుపత్రి ఆ కాలేజీకి ఉందా అన్నది ముందు చూడండి.

ఫీజు కట్టే ముందు కాలేజీని ఏం అడగాలి?

ఈ నాలుగూ అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా కాగితం మీద తీసుకోండి.

1. పట్టా ఇచ్చేది ఎవరు? యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, చట్టం ఆ అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. ఆ పేరు యూజీసీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా అక్కడే ఉంటుంది.

2. పట్టా మీద ఏమని రాసి ఉంటుంది? పాత బ్యాచ్ విద్యార్థి పట్టా నకలు చూపించమనండి. ప్రచార కరపత్రంలో ఉన్న పేరు, పట్టా మీద ఉన్న పేరు ఒకటే కావాలి.

3. కోర్సుకు అనుమతి ఉందా? 2021 చట్టం ప్రకారం కొత్త సంస్థ పెట్టాలన్నా, కొత్త కోర్సు తెరవాలన్నా, సీట్లు పెంచాలన్నా రాష్ట్ర మండలి ముందస్తు అనుమతి ఉండాలి.

4. క్లినికల్ శిక్షణ ఎక్కడ, ఏ ఏడాది నుంచి? ఆసుపత్రితో ఒప్పందం ఉంటే ఆ ఆసుపత్రి పేరు రాసివ్వమనండి. విద్యార్థి సొంతంగా ఎంతమందిని పరీక్షిస్తాడో అడగండి. రెటినోస్కోపీ, అంటే కంట్లోకి వెలుగు వేసి సైటు కొలవడం, పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. వందల కళ్లలోకి చూస్తేనే చేయి తిరుగుతుంది.

ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదవొచ్చా?

వద్దు. 2021 చట్టం కిందికి వచ్చే అనుబంధ, ఆరోగ్య సంరక్షణ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ 2025లో విశ్వవిద్యాలయాలకు స్పష్టంగా చెప్పింది. వారాంతపు తరగతులతో ఆప్టోమెట్రీ డిగ్రీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఆ డబ్బు, ఆ కాలం రెండూ పోయినట్టే.

ఫీజు, సర్టిఫికెట్లు, భద్రత

చేరాక మరో సీటు వచ్చింది. కట్టిన ఫీజు తిరిగి ఇస్తారా?

ఇవ్వాలి. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ విశ్వవిద్యాలయాలకు, వాటి అనుబంధ కళాశాలలకు వర్తిస్తుంది. కాలేజీ ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీని బట్టి లెక్క ఇలా ఉంటుంది.

ఆ తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు సీటు వదులుకుంటే మొత్తం ఫీజు. ఇందులోంచి ప్రాసెసింగ్ కింద 5 శాతం మించకుండా, అదీ 5,000 రూపాయలు దాటకుండా పట్టుకోవచ్చు.
చివరి తేదీకి 15 రోజుల్లోపు ముందైతే 90 శాతం.
చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపైతే 80 శాతం.
15 రోజులు దాటి 30 రోజుల్లోపైతే 50 శాతం.
30 రోజులు దాటితే ఏమీ రాదు.

కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంతకంటే మేలైన గడువు ఇస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 వరకు సీటు వదులుకున్నవారికి మొత్తం ఫీజు ఇవ్వాలని చెప్పింది. కాబట్టి ఆ ఏడాది సర్క్యులర్ చూడండి. సీటు వదులుకుంటున్నట్టు తేదీ వేసి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. పారామెడికల్ బోర్డు డిప్లొమాలు యూజీసీ పరిధిలో లేవు. వాటి విషయంలో బోర్డు నిబంధనలు చూసుకోవాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉంచాలంటున్నారు. ఉంచాలా?

అవసరం లేదు. అదే నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశ సమయంలో ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. స్వయంగా ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే తమ దగ్గర ఉంచుకోవాలి. ఫీజు బాకీ ఉందనో, కోర్సు మధ్యలో మానేశారనో మార్కుల మెమోలు ఆపడానికి వీల్లేదు.

ఫీజు భరించలేని కుటుంబానికి దారేమిటి?

మొదట రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ చూడండి. కోర్సు, కాలేజీ ఈ-పాస్ జాబితాలో ఉన్నాయో లేవో చేరకముందే పోర్టల్‌లో వెతకండి. కొత్త ప్రైవేటు కోర్సుల్లో చేరినవారు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటున్నారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీ-సేవలో ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి. ప్రవేశాల వేళ మండల కార్యాలయాల్లో రద్దీ ఎక్కువ.

రెండోది విద్యారుణం. కేంద్ర రుణ హామీ పథకం కింద ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకు రుణం ఇవ్వవచ్చు. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా కోర్సు ముగిసిన ఏడాది తర్వాత వాయిదాలు మొదలవుతాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 80ఈ సెక్షన్ కింద వడ్డీపై ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. అయితే మొదటి ఉద్యోగంలో వచ్చే జీతంతో నెలవాయిదా కట్టగలరా అన్న లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకున్నాకే సంతకం చేయండి.

ర్యాగింగ్ గానీ, వేధింపులు గానీ ఎదురైతే?

ర్యాగింగ్ నేరం. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే దీనిపై చట్టం వచ్చింది. యూజీసీ 2009 నిబంధనలు కూడా ఉన్నాయి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

క్లినికల్ పోస్టింగులో చీకటి గదుల్లో, దూరప్రాంత శిబిరాల్లో పనిచేయాల్సి వస్తుంది. అక్కడ లైంగిక వేధింపులు ఎదురైతే పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) ట్రైనీలకు కూడా రక్షణ ఇస్తుంది. విద్యార్థినులకు యూజీసీ 2015 నిబంధనలు వర్తిస్తాయి. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టడం సంస్థ బాధ్యత. శిక్షణ లేకపోవడం, ఫలితాలు ఆపడం, ఫీజు తిరిగి ఇవ్వకపోవడం వంటివాటికి యూజీసీ 2023 నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. న్యాయం జరగకపోతే విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయవచ్చు.

చదువయ్యాక

రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ఎవరి దగ్గర?

2021 చట్టం జాతీయ స్థాయిలో కేంద్ర రిజిస్టరును, ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర మండలిని, దాని కింద రాష్ట్ర రిజిస్టరును ఏర్పాటు చేయమంది. ఇకపై వృత్తిలో మీ గుర్తింపు ఆ రిజిస్టరులో పేరే. అందులో పేరు లేకుండా రిజిస్టరైనట్టు చెప్పుకుంటే మొదటిసారి 50,000 రూపాయల వరకు జరిమానా. మళ్లీ చేస్తే ఆరు నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఆప్టోమెట్రీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పేరు కూడా మీరు వింటారు. అది వృత్తిలోనివారు స్వచ్ఛందంగా నడిపే సంస్థ. వృత్తి ప్రమాణాల కోసం కృషి చేస్తోంది. కానీ దాని సభ్యత్వం చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ తక్కువ. మన ప్రాంతంలో రైల్వే కుటుంబాలు ఎక్కువ కాబట్టి రైల్వే ఉదాహరణే చూద్దాం. 2024లో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు 1,376 పారామెడికల్ పోస్టులు ప్రకటిస్తే, దేశం మొత్తానికి ఆప్టోమెట్రిస్టు పోస్టులు 4. మూలవేతనం 25,500 రూపాయలు. ఇంత తక్కువ పోస్టులను నమ్ముకుని నాలుగేళ్ల చదువులో చేరకూడదు.

రాష్ట్ర స్థాయిలో కంటి వెలుగు మంచి పాఠం. 2018 ఆగస్టు 15న మొదలైన తొలి విడతలో ఒకటిన్నర కోటికి పైగా జనానికి కంటి పరీక్షలు జరిగాయి. 2023 జనవరిలో మొదలైన రెండో విడత 1,500 బృందాలతో 100 పనిదినాల లక్ష్యంతో నడిచింది. ప్రతి బృందానికీ ఆప్టోమెట్రిస్టు కావాల్సి వచ్చింది. అవసరం ఎంత ఉందో ఊరూరా తేలింది. అయితే అవి తాత్కాలిక నియామకాలు, శిబిరాలతోనే ముగిశాయి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో శాశ్వత పోస్టు ఉండాలని అడగడం ఈ వృత్తిలోకి వచ్చే మీ తరం హక్కు, బాధ్యత కూడా.

మరి ప్రైవేటులో? బాండు రాయమంటే?

ఎక్కువ ఉద్యోగాలు ఇక్కడే. కంటి ఆసుపత్రులు, లెన్స్‌కార్ట్, టైటాన్ ఐ ప్లస్ వంటి కళ్లద్దాల గొలుసు దుకాణాలు, లెన్సుల, పరికరాల కంపెనీలు, స్వచ్ఛంద సంస్థల దృష్టి కేంద్రాలు, బోధన, పరిశోధన. దుకాణంలో పని త్వరగా దొరుకుతుంది. అయితే అక్కడ అమ్మకాల లక్ష్యం కూడా మీ మీద పడవచ్చు. ఆసుపత్రిలో మొదట్లో జీతం తక్కువైనా రకరకాల కేసులు చూసి పని నేర్చుకుంటారు. తొలి రెండేళ్లు నేర్చుకునే చోటును ఎంచుకోవడం మేలని నా గట్టి నమ్మకం. ఆ తర్వాత కాంటాక్ట్ లెన్సులు, పిల్లల చూపు, లో విజన్, బైనాక్యులర్ విజన్‌లలో ఏదో ఒకదానిలో ప్రత్యేకత సాధించినవారికే జీతం పెరుగుతుంది.

బాండు విషయంలో రెండు సూత్రాలు. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా పనిచేయకూడదనే షరతు భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. కనీసం ఇంతకాలం పనిచేయాలన్న షరతు మాత్రం చెల్లవచ్చు. మధ్యలో మానేస్తే రాసుకున్న మొత్తానికి మించి వసూలు చేయలేరు. 74వ సెక్షన్ ప్రకారం అదీ సమంజసమైన పరిహారమే కావాలి. ఒరిజినల్ పట్టా తాకట్టు పెట్టమంటే ఇవ్వకండి.

సొంతంగా కంటి పరీక్షా కేంద్రం, కళ్లద్దాల షాపు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మల్కాజ్‌గిరి లాంటి చోట పదవీ విరమణ చేసిన పెద్దలు, స్కూలు పిల్లలు ఉన్న కాలనీలే ఎక్కువ. నమ్మకంగా పరీక్షించేవారిని వెతుక్కుంటూ వస్తారు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, దుకాణాల చట్టం కింద కార్మిక శాఖ నమోదు, పరిమితి దాటితే జీఎస్టీ నమోదు అవసరం. క్లినిక్ అని బోర్డు పెడితే జిల్లా వైద్యారోగ్య శాఖలో కూడా నమోదు చేసుకోవాలి. చూపు సవరణ కళ్లద్దాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవారికి అది తెలియజేయండి.

షెడ్యూల్ హెచ్ కింది యాంటీబయోటిక్, స్టెరాయిడ్ చుక్కలు రిజిస్టరైన వైద్యుల చీటీ మీదే అమ్మాలి. వాటిని మీరు రాయకూడదు. కన్ను ఎర్రబడి నొప్పి అన్నవారిని, చూపు ఒక్కసారిగా పోయిందన్నవారిని అదే రోజు డాక్టరు దగ్గరికి పంపండి.

అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాలో మన డిగ్రీ చెల్లుతుందా?

నేరుగా ఎక్కడా చెల్లదు. అమెరికాలో ఆప్టోమెట్రిస్టు కావాలంటే డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ చదివి జాతీయ బోర్డు పరీక్షలు రాయాలి. విదేశాల్లో చదివినవారికి కొన్ని కళాశాలలు కుదించిన కోర్సు ఇస్తాయి. కెనడాలో కూడా అదనపు శిక్షణ పొందాల్సి రావచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో సామర్థ్య పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. గల్ఫ్ దేశాల్లో పట్టాలు, అనుభవ పత్రాల తనిఖీ, లైసెన్సు పరీక్ష ఉంటాయి. అన్నిచోట్లా ముందు చూసేది నాలుగేళ్ల డిగ్రీ, గంటల వారీ సిలబస్, క్లినికల్ అనుభవం. సిలబస్ నకలు, మీరు చూసిన కేసుల లాగ్‌బుక్ విశ్వవిద్యాలయ ముద్రతో దాచుకోండి.

ఇంతకీ ఈ చదువు చదవచ్చా, వద్దా?

ఎల్.వి.ప్రసాద్ సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా పరీక్షించి చేసిన అధ్యయనంలో అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో శుక్లాల వాటా 44 శాతం. సరైన అద్దాలు లేకపోవడం వల్ల వచ్చింది 16.3 శాతం. అంటే చూపు లేనట్టు లెక్కకొచ్చిన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరికి కావాల్సింది ఒక జత కళ్లద్దాలు, వాటిని సరిగ్గా కొలిచి రాసే మనిషి. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి హ్రస్వదృష్టి ఉంటుందని బ్రియెన్ హోల్డెన్ బృందం 2016లో అంచనా వేసింది. ఫోన్లకు అతుక్కుపోయే మన పిల్లల్ని చూస్తే ఆ అంచనా దూరంగా అనిపించదు.

కాబట్టి పనికి కొరత రాదు. పనికి తగ్గ జీతం, గౌరవం అన్నిచోట్లా ఇంకా రాలేదు. చట్టం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. మొదటి నాలుగైదేళ్లు మామూలు జీతంతో నెట్టుకురాగలిగితే, ఈ పని మీద నిజంగా మనసుంటే చేరండి. లక్షల అప్పు చేసి వెంటనే పెద్ద జీతం ఆశిస్తున్నవారు ఆగి ఆలోచించండి. నిర్ణయానికి ముందు అనుమతి తీసుకుని ఒక పూట కంటి ఆసుపత్రి ఓపీలో కూర్చుని ఆప్టోమెట్రిస్టు పని చూడండి. ఆ తర్వాత మీరు చేరాలనుకున్న కాలేజీ చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడండి. పైన చెప్పిన నాలుగు కాగితాలూ ఇచ్చిన కాలేజీలోనే ఫీజు కట్టండి.